అంబాసిడర్‌కు జీపు గేరు

మా బావ మీద పగ తీర్చుకోవడానికి నాకు ఇరవై నాలుగేళ్లు పట్టింది. అన్నేళ్లు ఒకే మనిషి మీద కోపం నిలబెట్టుకోవడం తేలికైన పనేమీ కాదు. మధ్యలో పండగలొస్తాయి, బారసాలలొస్తాయి, వాళ్ళింటికి వెళ్ళి కడుపునిండా తిని రావలసి వస్తుంది. తిన్నాక కూడా కోపంగా ఉండాలంటే కొంత సాధన కావాలి. చివ్వెంల దగ్గర బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను కనుక, చిన్న గొడవ ఎన్నేళ్ల యుద్ధమవుతుందో పిల్లలకు చెప్పీ చెప్పీ నాకూ వంటబట్టింది.

నా యుద్ధానికి కారణం ఒక కారు. మీగడ రంగు డీజిల్ అంబాసిడర్. కాలువ పనులు చూసిన ఇంజనీరొకాయన రిటైరై వెళ్ళిపోతూ అమ్మితే మా నాన్న కొన్నాడు. సూర్యాపేటలో మాకు విత్తనాల దుకాణం ఉండేది. నాన్న ఆ కారులో సంచులు వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. పొద్దున్నే దాన్ని కడగడం నా పని. బకెట్లో నీళ్లు, పాత లుంగీ ముక్క, చక్రాల సందుల్లో మట్టి తీయడానికి ఒక పుల్ల. కడిగిన కూలీ కింద, దుకాణం దాకా ముందు సీట్లో కూర్చునే హక్కు నాకు వచ్చేది. ఆ కార్లలో గేరు కర్ర కింద ఉండదు, స్టీరింగు పక్కన ఉంటుంది. దాని చివర తెల్లటి గుండు. నాన్న వేలి ఉంగరం ఏళ్ల తరబడి రాసుకుని ఆ గుండు మీద సన్నటి గాడి పడింది. గోరు పెట్టి చూస్తే గోరు అందులో కూర్చునేది.

నేను ఇంటర్ చదివేటప్పుడు అక్కకు కోదాడ సంబంధం కుదిరింది. కోదాడ వాళ్ళకు, ఆంధ్రా పక్కనే కాబట్టి, అలకపాన్పు ఆచారం ఉంది. పెళ్లయ్యాక కొత్త అల్లుడు మంచమెక్కి అలిగి కూర్చుంటాడు. ఏం కావాలని మామ అడగాలి. అల్లుడు ఆకాశం అడుగుతాడు. మామ బేరమాడతాడు, చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక మాట వేస్తారు, చివరికి ఉంగరమో వాచీయో ఇస్తే అల్లుడు నవ్వుతూ దిగుతాడు. అదొక ఆట. మా ఇళ్లలో ఈ ఆట లేదు. ఇది ఆట అని మా నాన్నకు ఎవరూ చెప్పలేదు.

బావ మంచం మీద దిండుకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, ముఖం గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. నేను మజ్జిగ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

"ఏం కావాలె అల్లుడూ?" అన్నాడు నాన్న.

"కారు ఇస్తేనే దిగుతాను మామా," అన్నాడు బావ.

అందరూ నవ్వి, బేరం కోసం చూస్తున్నారు. నాన్న చొక్కా జేబులో చెయ్యి పెట్టి, తాళాలు తీసి, బావ చేతిలో పెట్టాడు. ఎవరో చప్పట్లు కొట్టారు, మిగతావాళ్ళూ కొట్టారు. నా చేతిలో గ్లాసు వంగి మజ్జిగ కాలి మీద పోసుకున్నాను.

మర్నాడు నాన్న దుకాణానికి నడిచి వెళ్ళాడు. తర్వాత ఒక పాత స్కూటర్ కొన్నాడు. వానల్లో, యాభై దాటిన వయసులో, విత్తనాల సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని దాన్ని తన్ని తన్ని స్టార్ట్ చేసేవాడు. ఆరేళ్ల తర్వాత పోయాడు. షుగరు ముదిరి పోయాడు గానీ స్కూటర్ వల్ల కాదని నాకూ తెలుసు. అయినా నా లెక్కలో స్కూటర్ కూడా ఉంది.

బావ ఆ కారును రెండేళ్లు నడిపాడు. ఆ తర్వాత ఇంజను ఊడదీసి, పాలకీడు దగ్గర తన పొలంలో కాలువ నీళ్లు తోడే పంపుకు బిగించాడు. మిగిలిన కారును కోదాడలో ఇంటి వెనక బర్రెల కొట్టంలోకి నెట్టాడు. నేను చూసేసరికి వెనక సీటు మీద కోడి పొదుగుతోంది.

"మీ నాన్న కారు ఇప్పుడు గుడ్లు పెడుతోందిరా బామ్మర్దీ," అన్నాడు బావ.

అందరితో పాటు నేనూ నవ్వాను. పళ్ళు కొరుక్కుంటూ నవ్వడం ఎలాగో ఆ రోజే వచ్చింది. ఈ కారు మళ్ళీ నడవాలి, ఈ మనిషి దాంట్లో కూర్చోకూడదు, వీలైతే ఆ రోజు నాన్నకు పడిపోయినట్టు వీడి నోట కూడా మాట పడిపోవాలి, అనుకున్నాను. భార్య తెచ్చుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను. ఆ కోరిక మాత్రం అలాగే ఉంది.

ఐదేళ్ల కిందట బావ కొత్త ఇల్లు కట్టేటప్పుడు కొట్టం పడగొట్టాల్సి వచ్చింది. "పాత ఇనుము వాడికి చెప్పాను. నీకు కావాలంటే తీసుకెళ్ళరా," అని ఫోన్ చేశాడు. ఆ సాయంత్రమే ట్రాక్టరు ట్రాలీ తీసుకుని వెళ్ళాను. కోళ్ళ రెట్ట గీకి, కారును తాళ్లతో కట్టి ఎక్కించాం. బయల్దేరేటప్పుడు బావ, "కాగితాలు నా పేరు మీదున్నాయి. ఎప్పుడైనా రా, సంతకం పెడతాను," అన్నాడు.

సరేనన్నాను. వెళ్ళలేదు. నా కారుకు వాడి దగ్గరికి వెళ్ళి సంతకం అడుక్కోవడమా? చచ్చినా అడగనని పంతం పట్టాను. ఆ పంతం తర్వాత నన్నే కరిచింది. ఆ సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

సూర్యాపేటలో హైవే పక్కన ఒక షెడ్డులో పాత బండ్లు బాగుచేసే ఉస్తాద్ ఉన్నాడు. అరవై దాటిన మనిషి. ఇనుమును వేలి మెటికతో కొట్టి, చెవి పెట్టి విని, పనికొస్తుందో లేదో చెప్పేవాడు. మా కారు చుట్టూ ఒకసారి తిరిగి, అక్కడక్కడా కొట్టి, "బొక్కలు గట్టిగనే ఉన్నయ్ సారూ. పానమే లేదు," అన్నాడు. బొక్కలంటే ఎముకలు.

పాత ఇంజను పంపు దగ్గరే కాలిపోయి ఎప్పుడో తూకానికి పోయింది. అలాంటిదే ఇంకొకటి కోసం ఉస్తాద్ ఎందరికో ఫోన్లు చేశాడు. దొరికినవాటిలో ఒకటి పగిలి ఉంది, ఒకటి ఇంకా పగలాల్సి ఉంది. చివరికి, "జీపుది ఏద్దామా?" అన్నాడు.

ఇద్దరం మిర్యాలగూడ వెళ్ళాం. రైసు మిల్లుల వెనక, ఊక కుప్పలు దాటాక, పాత బండ్ల సామాను అమ్మే జాగా ఒకటి ఉంది. అక్కడ ఒక జీపు పడి ఉంది. ఒకప్పుడు మాడుగులపల్లి దాకా మనుషుల్ని మోసిన బండి. లోపల పది మంది, బయట పది మంది వేలాడుతూ పోయేవారట. దాని ఇంజను, గేర్‌బాక్సు తీసుకున్నాం. మా కారు వెనక బంపరు తుప్పు పట్టి రాలిపోయింది కాబట్టి, జీపు వెనకున్న ఇనుప దిమ్మె కూడా తీసుకున్నాం. దానికి మధ్యలో ట్రాలీని తగిలించే లావుపాటి కొక్కెం ఒకటి ఉంది. కోసేద్దామా అన్నాడు ఉస్తాద్. ఉండనీ అన్నాను, ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు.

ఒక బండి సామాను ఇంకో బండికి పెట్టడమంటే విప్పి బిగించడమే అనుకునేవాణ్ణి. గొలుసుల మీద ఇంజను దింపుతుంటే జానెడు ఎత్తులోనే ఆగిపోయింది. కింద ఆయిలుండే తొట్టి అడ్డ కమ్మీకి తగులుతోంది. కమ్మీ కోసి కిందికి వంచి వెల్డింగు పెట్టారు. ఇంజను కూర్చుంది గానీ బానెట్టు మూతపడలేదు, రెండు వేళ్ళ సందు మిగిలింది. బానెట్టు మధ్యలో కోసి, రేకు ఉబ్బెత్తుగా అతికించారు. కారుకు గూని వచ్చింది. ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే కడ్డీ మాది పొడుగైంది, జీపుది పొట్టిదైంది. లేతు మిషను దగ్గర రెండింటినీ కోసి ఒకటి చేయించాం. అందుకే అరవై దాటితే కారంతా వణుకుతుంది.

"మోకాలుకు బోడిగుండుకు ముడిపెట్టుమంటున్నవ్ సారూ," అన్నాడు ఉస్తాద్, బట్టతో చేతులు తుడుచుకుంటూ. "పెడ్త. గని రేపు ఇది కారు గాదు, జీపు గాదు అని ఎవలన్న నవ్వితే నన్ను తిట్టద్దు."

"నడిస్తే చాలు."

"నడుస్తది. గేరు కర్ర మాత్రం జీపుకున్నట్టు కిందనే పెడ్త. అడుగు రేకుకు బొక్క కొడితే అయిపోతది."

ఒప్పుకోలేదు. నాన్న ఉంగరం గాడి పడిన గుండు స్టీరింగు పక్కనే ఉండాలన్నాను. జీపు గేర్‌బాక్సుకు అలాంటి కర్ర కలవదు, రెండూ వేరే జాతులు. ఉస్తాద్ గొణుక్కుంటూనే మూడు ఇనుప కడ్డీలు వంచి, మధ్యలో కీళ్ళు పెట్టి, పైనున్న కర్రను కిందున్న పెట్టెకు కలిపాడు. వారం పట్టింది. ఇంకే మెకానిక్కయినా రెండో రోజే నన్ను పొమ్మనేవాడు.

నడిపి చూసే రోజు తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. "బిస్మిల్లా," అని ఫస్టు గేరు వేసి క్లచ్చి వదిలాడు. కారు వెనక్కి పోయి ఖాళీ ఆయిలు డబ్బాల్లోకి దూరింది. దిగి, కారు కిందికి పాకాడు. తర్వాత కిందనుంచి నవ్వు వినిపించింది.

"కడ్డీ ఇటు ఒంగాల్సింది అటు ఒంగింది సారూ. గేర్లన్ని ఉల్టా అయినయ్. ఫస్టు కాడ రివర్సు పడ్తది, రివర్సు కాడ ఫస్టు పడ్తది. రెండు దినాలు ఇడిసిపెట్టు, ఇప్పి సీదా జేస్త."

డబ్బాల మధ్య నిలబడి ఆలోచించాను. కారును ఇంకెవరూ నడపలేరన్నమాట. తాళాలు ఎవరి చేతిలోకి పోయినా నడపలేరు.

"వద్దు ఉస్తాద్. అట్లనే ఉండనీ."

"ఎందుకు? పరేషాన్ అయితవ్."

"నేను తప్ప దీన్ని ఎవరూ నడపొద్దు."

అతను కళ్ళద్దాలు పైకి జరుపుకుని నన్ను చూశాడు. "ఎవల మీద సారూ గింత కోపం?"

"మా బావ మీద."

"అట్లయితే ఉండనీ," అన్నాడు.

నెల రోజుల్లో చెయ్యి అలవాటు పడింది. పైకి నెట్టాల్సిన చోట కిందికి లాగడం, కిందికి లాగాల్సిన చోట పైకి నెట్టడం. తర్వాత కోదాడ వెళ్ళి బావ ఎరువుల దుకాణం ముందునుంచి మూడుసార్లు హారన్ కొట్టుకుంటూ పోయాను. మూడోసారి బావ బయటికి వచ్చాడు. ముఖం మాడుతుందని చూశాను. వాడు రోడ్డు మీదికొచ్చి గూని మీద చెయ్యి వేసి, "అబ్బ! భలే చేయించావురా!" అన్నాడు, చిన్నపిల్లాడిలా. నా మూడు చక్కర్లూ మట్టికొట్టుకుపోయాయి. "ఒక రౌండేద్దామా?" అన్నాడు.

"టైం లేదు బావా," అని ఎక్కేశాను. ఆ ఒక్క మాట అనగలిగినందుకు ఆ పూట అన్నం రుచిగా అనిపించింది. అయితే దారిలో పోలీసులు ఆపి కాగితాలడిగితే, "మా బావ కారండీ," అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆపిన ప్రతిసారీ అదే మాట చెప్పాను, ప్రతిసారీ నోరు చేదయింది.

కిందటేడు మేనకోడలికి మిర్యాలగూడ సంబంధం ఖాయమైంది. అబ్బాయి వాళ్ళది చిన్న రైసు మిల్లు. మేనమామను కదా, నన్ను చూసిపోదామని సూర్యాపేట వచ్చాడు. వచ్చి నన్ను చూడనేలేదు, బానెట్టెత్తి ఇంజను చూస్తూ నిలబడ్డాడు. "జీపుది గద కాకా? ఎట్ల కూసోబెట్టిండ్రు?" అని అడిగాడు. పిల్లాడు నాకు నచ్చాడు. నచ్చడంతో పాటు ఒక ఉపాయం కూడా తట్టింది.

అప్పటికి బావ ఒక పెద్ద తెల్లబండి కొన్నాడు. దాన్ని చూసుకున్నంత ముద్దుగా కన్నకూతుర్ని కూడా చూసుకుని ఉండడు. చెప్పులు విప్పి ఎక్కమనేవాడు. సీట్ల మీద కంపెనీ వేసిన ప్లాస్టిక్కు కవర్లు కూడా తీయలేదు. ఎండాకాలం ఆ కవర్లకు మా వీపులు అంటుకుని, దిగేటప్పుడు చర్రుమనేవి.

"కోదాడోళ్ళకు అలకపాన్పు ఉంటది, ఎరికేనా?" అన్నాను పిల్లాడితో.

"మా దిక్కు లేదు కాకా. ఏం జెయ్యాలె?"

"మంచం మీద అలిగి కూసోవాలె. మీ మామ ఏం కావాలె అంటడు. తెల్లబండి అడుగు. ఉంగరం ఇస్త అంటడు, వాచీ ఇస్త అంటడు, ఒప్పుకోకు. బండి తాళాలు చేతికొచ్చేదాక దిగకు."

వాడు తల గోక్కుని, "సూద్దాం కాకా," అన్నాడు.

పెళ్ళి రోజు అంబాసిడర్‌లోనే కోదాడ వెళ్ళాను. ఇంటి ముందు ఖాళీ ఒక్కటే మిగిలింది, సరిగ్గా తెల్లబండి ముందు. మూరెడు దూరం వదిలి పెట్టాను. అది మాత్రం నేను కావాలని చేసింది కాదు. ఒట్టు.

తలంబ్రాలయ్యాయి, భోజనాలయ్యాయి. మధ్యాహ్నం పెళ్ళికొడుకును ఇంటికి తెచ్చి మంచమెక్కించారు. నేను వెళ్ళి బావకు ఎదురుగా నిలబడ్డాను, ముఖం బాగా కనిపించాలని. ఇరవై నాలుగేళ్ల కిందట మా నాన్న ముఖం ఎలా పాలిపోయిందో వీడి ముఖమూ అలా పాలిపోవడం దగ్గరనుంచి చూడాలి.

"చెప్పు అల్లుడూ, ఏం కావాలి?" అన్నాడు బావ మీసం సవరించుకుంటూ.

"కారు గావాలె మామా."

బావ నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. నాకు కేక వేయాలనిపించింది.

"ఏ కారు?"

"తెల్లది గాదు మామా. గసుంటివి ఊరికి యాభై ఉన్నయ్. ముందల పెట్టింది గదా, పాతది, గూనిది. అది గావాలె."

బావ ముఖంలోకి మళ్ళీ రంగు వచ్చింది. "అదా!" అన్నాడు. "దానికేం భాగ్యం! కాగితాలు ఇప్పటికీ నా పేరు మీదే ఉన్నాయి. ఇచ్చేశాను ఫో!"

చప్పట్లు. అత్త సొమ్ము అల్లుడు దానం అని సామెత. ఇక్కడ బామ్మర్ది సొమ్మును బావ దానం చేశాడు. అరవాలని నోరు తెరిచాను. మేనకోడలు గుమ్మంలో నిలబడి, పసుపు బట్టల్లో, నోరారా నవ్వుతోంది. పెళ్ళివాళ్ళందరూ నా వైపు చూస్తున్నారు. వాళ్ళ ముందు నా కారు, నేనివ్వను అని ఎలా అంటాను? కాగితం లేదు. సంతకానికి వెళ్ళని పంతం అప్పుడు కరిచింది. చొక్కా జేబులో చెయ్యి పెట్టి తాళాలు తీశాను. తీస్తుంటే ఆ చెయ్యి మా నాన్న చెయ్యిలా ఉంది. ఆయన ఎందుకు బేరమాడలేదో, నలుగురి కళ్ళ ముందు నోరెందుకు రాలేదో, అప్పుడు తెలిసింది.

తాళాలు పిల్లాడు అందుకోబోతే బావ మధ్యలో లాక్కున్నాడు. "ఆగు అల్లుడూ. ముందు నేనో రౌండు తిప్పి నీకిస్తాను. మా మామ నాకిచ్చిన కారిది," అని చంకలు గుద్దుకుంటూ బయటికి నడిచాడు. అందరూ వెంట వచ్చారు. ఆడవాళ్ళు ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, పసుపు కుంకుమ చల్లారు. జనమంతా కారు ముందుకు వస్తుందని పక్కలకు జరిగి దారిచ్చారు.

నేను గేటు స్తంభం దగ్గర ఉన్నాను. బావా, గేర్లు తలకిందులు అని చెప్పాలి. చెప్పడానికి ఎంతసేపు? నాలుగు మాటలు. కారు వెనక వైపు చూశాను. తెల్లబండి తప్ప ఎవరూ లేరు. ఇంకోసారి చూశాను. పిల్లలు కూడా లేరు. నోరు మూసుకున్నాను.

నాన్న ఉంగరం గాడి ఉన్న గుండు పట్టుకుని బావ ఫస్టు గేరు వేశాడు. పాత ఇంజను బద్ధకం గుర్తుందేమో, కాలితో గట్టిగా తొక్కాడు. జీపు ఇంజనుకు ఆ బద్ధకం లేదు. అంబాసిడర్ ఒక్క ఉదుటున వెనక్కి దూకింది. స్టీలు సామాను కొట్టులో అటకంతా కూలినట్టు చప్పుడైంది. జీపు కొక్కెం తెల్లబండి ముక్కులోంచి లోపలిదాకా పోయింది. లైట్లు పగిలాయి, బానెట్టు మడత పడింది, కింద ఆకుపచ్చ నీళ్ళు కారాయి. దాని హారన్ తనంతట తనే మోగడం మొదలుపెట్టి ఎంతకీ ఆగలేదు. అంబాసిడర్‌కు పెయింటు కూడా లేవలేదు.

నాకు కలిగిన సంతోషం గురించి అబద్ధం చెప్పను. నా పెళ్ళినాడు కూడా అంత సంతోషపడలేదు. బావ దిగి, తలపాగా జారిపోయి, "ఫస్టే వేశానే... ఫస్టే వేశాను..." అంటూ వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు, పరీక్ష తప్పిన పిల్లాడిలా. ఇంటి వెనక నీళ్ల ట్యాంకు చాటుకు పోయి కండువా నోట్లో కుక్కుకుని నవ్వాను. కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాను. నాన్నా, చూశావా, అని కూడా అన్నాను.

తల ఎత్తితే అక్క ఉంది. కోదాడలో ఇన్నేళ్లుండి అక్క మాట వాళ్ళ మాటలో కలిసిపోయింది. కోపమొస్తే మాత్రం సూర్యాపేటకు వస్తుంది.

"ఎనకకు రెండుసార్లు సూసినవ్," అంది. "నేను అరుగు మీదికెళ్ళి నిన్నే సూస్తున్న. నీకు ఎరికే."

"అవును," అన్నాను. "నాయినకు చేసినదానికి ఇది తక్కువే."

"నాయినకు ఎవరు ఏం జేసిండ్రు?"

"ఆనాడు కారు అడగలేదా మీ ఆయన?"

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "అడగమన్నది నేను రా."

హారన్ ఇంకా మోగుతూనే ఉంది.

"నేనే చెవిల జెప్పిన, కారు అడుగు, మా నాయిన బేరమాడుతడు, మస్తు నవ్వొస్తది అని. నాయినకు ఆట తెల్వదు, తాళాలు ఇచ్చేసిండు. మీ బావ ఆ నెలలనే తిరిగిచ్చి ఒస్త అన్నడు. నేను ఒద్దన్న."

"ఎందుకక్కా? నాయిన స్కూటర్ మీద..."

"తెల్సు. సూసిన. అయినా ఒద్దన్న." ఆమె గొంతు గట్టిపడింది. "నువ్వు రోజు ఆ కారు కడిగి ముందు సీట్ల కూసుంటివి. నేను ఎన్నడన్న కూసున్ననా ముందు సీట్ల? ఒక్కనాడన్న? నా పెండ్లయినంక కూసున్న. రెండేండ్లు కూసున్న."

గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. కారులో అక్క ఎక్కడ కనిపించినా వెనకే ఉంది, విత్తనాల సంచుల మధ్య, ఒళ్ళో ఇంకో సంచి పెట్టుకుని. ఆడపిల్లకు ముందు సీటెందుకని నాన్న ఎప్పుడూ అనలేదు. నేను ముందే ఎక్కి కూర్చునేవాణ్ణి కాబట్టి అనాల్సిన అవసరం రాలేదు.

ఇరవై నాలుగేళ్లుగా మోసిన కోపం చేతిలో పట్టుకుని దాన్ని ఎక్కడ దించాలో తెలియక నిలబడ్డాను. చివరికి, "మరి ఇంజను తీసి పంపుకు పెట్టింది?" అన్నాను.

"అది మీ బావనే. దానికి తిట్టుకో," అని అక్క లోపలికి పోయింది.

ఆ తర్వాత పిల్లాడికి గేర్ల సంగతి నేనే చెప్పాను. బావకు ఎవరు చెప్పారో తెలియదు గానీ తెలిసింది. నన్నేమీ అనలేదు. తెల్లబండి బాగయి వచ్చేదాకా రెండు నెలలు స్కూటర్ మీద తిరిగాడు. అది విని నాకు రావాల్సినంత ఆనందం రాలేదు, అది కూడా నాకు కోపం తెప్పించింది.

మొన్న అక్కా బావా కూతురి దగ్గరికి మిర్యాలగూడ వెళ్తే నన్నూ పిలిచారు. అంబాసిడర్ గేటు ముందు మెరుస్తోంది. "మన కడ్డీలు ఇప్పి సీదా చేయించిన కాకా, ఇప్పుడు ఎవలన్న నడపొచ్చు," అన్నాడు పిల్లాడు. మంచి పని చేశావన్నాను. ఒక రౌండు వెయ్యమని తాళాలిచ్చాడు. అక్కను పిలిచి ముందు తలుపు తీశాను. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ముందు సీట్లో, సంచీ ఏదీ లేకుండా కూర్చుంది. బావ పండ్ల కవర్లు పట్టుకుని వెనకనుంచి వస్తున్నాడు.

గుండు పట్టుకున్నాను. నాన్న గాడి వేలికి తగిలింది. నాలుగేళ్ల అలవాటున చెయ్యి పాత తలకిందుల వైపే లాగింది. కారు వెనక్కి దూకింది. బ్రేకు తొక్కి తల తిప్పేసరికి బావ పక్కకు గెంతి, మోకాలి దాకా మురికి కాలువలో ఉన్నాడు. బత్తాయిలు నీళ్ళ మీద తేలుతున్నాయి.

"ఇంకా తీరలేదారా నీకు?" అని అరిచాడు.

ఈసారి నిజంగా తెలియక చేశానని, చెయ్యి అలవాటేనని, ఒట్టు పెట్టి చెప్పాను. పిల్లాడు నమ్మలేదు. మేనకోడలు నమ్మలేదు. ముందు సీట్లో కూర్చున్న అక్క కూడా నమ్మలేదు.